పసుపంటిన కాగితం, అర్జీల అక్కయ్య

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద పాలుంటే మంట తగ్గించి రండి, నేనెక్కడికీ పోను. నేను చెప్పబోయే మనిషి కథ సగం విని లేస్తే నాకేం కాదు గాని, ఆవిడకి కోపం వస్తుంది. సగంలో ఆపేసిన పనంటే ఆవిడకి గిట్టదు.

ఆవిడ పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఆధార్ కార్డులో అడ్రసు మార్పించుకుందామని తెనాలి మున్సిపల్ ఆఫీసు దగ్గరికి వెళ్లాను. ఎదురుగా జిరాక్సు షాపు ముందు, రేకుల నీడలో ఆవిడ కూర్చునే చోట ఎవరిదో స్కూటరు నిలబెట్టి ఉంది.

"అక్కయ్య ఇంకా రాలేదా?" అన్నాను షాపతనితో.

"మీకు తెలీదా అండీ? బాపట్లలో చెల్లెలుగారింటికి వెళ్లి అక్కడే పోయారండి. పది రోజులైంది."

మర్నాడే బాపట్ల రైలెక్కాను. చెల్లెలు నన్ను చూసి గుమ్మంలోకి వచ్చింది. "ఆస్పత్రిలో చేర్చేటప్పుడు కాగితంలో అక్కయ్య వయసు రెండేళ్లు ఎక్కువ రాశారండి. మాట సరిగ్గా రావట్లేదు, అయినా నర్సుని వెనక్కి పిలిచి దిద్దించింది. పోతే పోతాను గాని తప్పు వయసుతో పోనంది" అని చెప్పింది. ఏడుద్దామని వెళ్లినదాన్ని, ఫక్కున నవ్వాను. ఆవిడా నవ్వింది. ఇద్దరం బాగా నవ్వుకుని, ఆ తర్వాత ఏడ్చాం.

పేరు మాత్రం రాయను. రాస్తే, "అనుమతి పత్రం ఏదే? నా సంతకం ఎప్పుడు తీసుకున్నావు?" అంటుంది. ఊళ్లో సగం మందికి ఆవిడ పేరు తెలియదు కూడా. అర్జీల అక్కయ్య అంటే చాలు, ఆటో నేరుగా రేకుల నీడ దగ్గర ఆగేది.

ఒక మడత కుర్చీ, ఒళ్లో పిల్లలు పరీక్షలకి తీసుకెళ్లే అట్ట, మెడలో దారానికి వేలాడే కళ్లజోడు. ఇదీ ఆవిడ ఆఫీసు. కుర్చీ వీపుకి ఒక తువ్వాలు, పక్కనే నీళ్ల సీసా. వచ్చిన వాళ్లని ముందు పేరడిగేది కాదు, "చెయ్యి చూపించు" అనేది. అన్నానికి కూర్చునే పిల్లల చేతులు తల్లి చూసినట్టు అరచేతులు తిప్పి చూసేది. పూలమ్మే మనిషి తడి చేతులతో వచ్చినా, మేస్త్రీ సిమెంటు చేతులతో వచ్చినా, కడుక్కుని తువ్వాలుకి తుడుచుకున్నాకే కాగితం ముట్టుకోవాలి. ఒకసారి ఒక కౌన్సిలరు గారు మిరపకాయ బజ్జీ తింటూ వచ్చారు. ఆయన్నీ కడుక్కు రమ్మంది. ఆయన కడుక్కునే వచ్చారు.

"కాగితానికి దయ ఉండదే," అనేది నాతో. "మనిషికి ఉంటుంది. కాగితం సరిగ్గా ఉంటే, లోపల కూర్చున్న మనిషికి దయ చూపించే తీరిక దొరుకుతుంది."

ఖాళీ గడి వదలడమంటే ఆవిడకి మహా చిరాకు. రాయడానికేం లేకపోతే అడ్డగీత కొట్టేది. "వదిలేస్తే ఎవడో ఒకడు వచ్చి కూర్చుంటాడు" అనేది. ఇంకో పట్టుదల, అర్జీలో తిట్లు ఉండకూడదని. అన్నదమ్ముల గోడ తగాదా మీద ఒకాయన ఆవేశంగా వచ్చి చెప్పుకుపోతున్నాడు, ఈవిడ కలం ఎత్తి పట్టుకుని వింటోంది. అంతా అయ్యాక, "బాబూ, ఒక పేజీ అర్జీలో రెండు తిట్లకే చోటుంటుంది. నువ్వు పదకొండు తిట్టావు. బాగున్నవి రెండు ఏరుకో" అంది. ఆయన ఆలోచించి ఆలోచించి, చివరికి ఒక్కటీ వద్దని వెళ్లిపోయాడు. ఆ అన్నదమ్ములిద్దరూ తర్వాత కలిసే వచ్చి ఆ గోడకి ప్లాను కాగితం రాయించుకున్నారు.

నాకు ఆవిడ పరిచయం రేషను కార్డు దగ్గర. నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని. పుట్టిన తేదీ అడిగితే, "వినాయక చవితికి మూడు రోజుల ముందు, మా గేదె ఈనిన రోజు, మా పెద్ద మేనత్తకి పెళ్లయిన ఏడు" అన్నాను. వేరే ఎవరైనా నవ్వేవాళ్లు. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని, మేనత్త పిల్లల వయసులు ఒక్కొక్కటే అడిగి, వేళ్ల మీద లెక్కేసి, తేదీ తేల్చింది. "చదువు లేదంటావేంటే, నీ తల్లో బీరువానే ఉంది" అంది. ఆ తర్వాత బజారుకెళ్లినప్పుడల్లా కాసేపు ఆ రేకుల కింద కూర్చోవడం నాకు అలవాటైంది.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా అమ్మాయి పెళ్లి రేపల్లెలో, మా పుట్టింటి వాళ్ల ఊళ్లో చేశాం. అల్లుడిది బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. వాళ్లు పడవల వాళ్లు. పడవ ఇంజను శబ్దం విని దానికేం రోగమో చెప్పగలడు మా అల్లుడు. ఆ విద్యతోనే ఆఫ్రికాలో ఒక రేవు ఊళ్లో మూడేళ్ల పని దొరికింది. ఆ ఊరి పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు. అక్కడే మనవరాలు పుట్టింది. ఆస్పత్రి వాళ్లు జనన ధ్రువపత్రం ఇచ్చారు, ఆ దేశం ముద్రతో.

బిడ్డ పుట్టింది, కాగితం వచ్చింది, ఇంకేం కావాలి అనుకున్నాం. కావాలట. ఆ పత్రం పట్టుకెళ్లి అక్కడున్న మన దేశం కాన్సులేటులో బిడ్డని నమోదు చేయించాలి. అప్పుడే మన పాస్‌పోర్టు ఇస్తారు. అదీ ఏడాది నిండేలోపు. దాటితే ఢిల్లీ నుంచి అనుమతి రావాలి, అదెప్పటికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. కాన్సులేటేమో వాళ్ల ఊరికి రాత్రంతా బస్సు ప్రయాణం. రేపు మాపు అంటూ పదకొండో నెల వచ్చేసింది. ఈలోగా అల్లుడి పని గడువు కూడా దగ్గరపడింది. గడువు అయ్యాక అక్కడ ఉండనివ్వరు. పాస్‌పోర్టు లేని బిడ్డని విమానం ఎక్కించరు. ఉండటానికి లేదు, రావడానికి లేదు.

అమ్మాయి పాస్‌పోర్టు పెళ్లికి ముందుది, అందులో భర్త పేరు లేదు. అందుకని పెళ్లి రిజిస్ట్రేషను పత్రం అసలుది పంపమంది. అది మా బీరువాలో ఉంది. తీశాను. తీసి, నేను చేసిన పనేంటో చెప్తాను, నవ్వకండి.

శుభలేఖకి పసుపు పెట్టకుండా ఎవరింటికైనా పంపుతామా? కొత్త బట్టకి మూల తడపకుండా కట్టుకుంటామా? నా మనవరాలి కోసం దేశం దాటి వెళ్తున్న కాగితం అది. తడి పసుపు నాలుగు మూలలా పూశాను. మధ్యలో కుంకుమ బొట్టు పెట్టాను. దేవుడి దగ్గర ఉంచి, దణ్ణం పెట్టి, మడిచి కొరియరులో ఇచ్చేశాను. మా ఆయన చూశాడు కూడా. "బాగుందే, కళగా ఉంది" అన్నాడు.

ఎనిమిదో రోజు ఫోను.

"అమ్మా! ఏం చేశావే కాగితాన్ని?"

నంబరూ తేదీ చేత్తో రాసింది మూలనేనట, తడి పసుపుకి సిరా కరిగి ఆవకాయలో నూనెలా పరుచుకుందట. బొట్టేమో సరిగ్గా ఆఫీసు ముద్ర మీదే కూర్చుంది. కాన్సులేటులో కౌంటరు దగ్గరావిడ కాగితం అటూ ఇటూ తిప్పి, మర్యాదగానే, ఇది చెల్లదు, కొత్త నకలు తెప్పించుకోమంది. బిడ్డ మొదటి పుట్టినరోజుకి ఇరవై నాలుగు రోజులుంది. ఫోనులో అమ్మాయి ఏడుస్తోంది, వెనకాల బిడ్డ ఏదో రాగం తీస్తోంది.

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా రేకుల నీడకి పరుగెత్తాను. అక్కయ్య విషయమంతా వింది. విన్నాక ఆవిడ భుజాలు ఊగడం మొదలెట్టాయి. కళ్లజోడు జారి ఒళ్లో పడింది. తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"బొట్టు కూడా పెట్టావుటే! గంధం రాయలేదేం? తాంబూలం పెట్టలేదేం?"

"అక్కయ్యా, నా ప్రాణం పోతోంది, నువ్వు నవ్వుతున్నావా?"

"నవ్వడం అయిపోయింది. ఇక పని." నిజంగానే అయిపోయింది, ఎవరో స్విచ్చి ఆపినట్టు. "పత్రం జిరాక్సు ఉందా?"

"లేదు."

"ఫోటో?"

"లేదు."

"పసుపు డబ్బా మాత్రం ఉంది" అంది. అట్ట తీసి రాయడం మొదలెట్టింది. ముందు మా అమ్మాయి చేత ఒక ఉత్తరం రాయించింది. నా పెళ్లి పత్రం నకలు తీసుకునే అధికారం మా అమ్మకిస్తున్నాను అని, భార్యాభర్తలిద్దరి సంతకాలతో. అది ఫోనులో తెప్పించి, ప్రింటు తీయించింది. "రేపల్లె ఆఫీసులో మొదటి ప్రశ్న, నువ్వెవరు అని. రెండోసారి రైలెక్కే టైము మనకి లేదు" అంది.

మర్నాడు పొద్దున్నే రేపల్లె పాసింజరులో ఇద్దరం. ఆవిడ సగం దారి దాటేలోపు ఎదురు సీటు ముసలాయనకి పింఛను అర్జీ, కిటికీ పక్క అమ్మాయికి స్కాలర్‌షిప్పు ఫారం పూర్తి చేసింది. రైలు ఊగుతుంటే కలం ఎత్తేది, ఆగితే దించేది. అక్షరం వంకర పోలేదు.

రేపల్లె సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గుమాస్తా చిన్న వయసు అమ్మాయి. "నంబరు చెప్పండమ్మా."

"చెరిగిపోయిందమ్మా" అన్నాను.

"పోనీ రిజిస్ట్రేషను అయిన తేదీ? పెళ్లి తేదీ కాదండి, ఇక్కడికొచ్చి సంతకాలు పెట్టిన తేదీ."

అంకెలంటే నాకు భయం. అక్కయ్య నా మోచేతి మీద చిన్నగా గిల్లింది. "అంకె అడగట్లేదే. ఆ రోజు ఏం జరిగిందో చెప్పు."

అంతే, కుళాయి తిప్పినట్టు అయింది నాకు. పెళ్లయిన పదహారు రోజుల పండగ ఇక్కడే మా అన్నయ్య ఇంట్లో చేశాం. ఆ మర్నాడు గురువారం. శుక్రవారం ఆడపిల్లని పంపకూడదని, గురువారమే ఈ పని ముగించి సాయంత్రం బాపట్ల పంపేద్దామని వచ్చాం. కరెంటు లేదు. మా ముందు ఒక జంట ఉంది. ఆ పెళ్లికూతురు చిలకపచ్చ చీర కట్టుకుంది. సాక్షి సంతకం పెట్టాల్సిన మేనమామ రాలేదని కళ్లు తుడుచుకుంటోంది. చూడలేక మా ఆయన, నేను పెడతానమ్మా అని వాళ్లకి సాక్షి సంతకం పెట్టాడు. వాళ్లది అయిన వెంటనే మాది.

గుమాస్తా అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. "పెళ్లి తేదీ చెప్పండి" అంది. అది అక్కయ్య కాగితం మీద రాసే తెచ్చింది. ఆ అమ్మాయి ఫోనులో క్యాలెండరు తిప్పి, పదిహేడో రోజు లెక్కేసింది. గురువారమే. లోపలి నుంచి లావు రిజిస్టరు తెచ్చి, ఆ తేదీ దగ్గర పేజీలు తిప్పింది. ఒక పేజీలో సాక్షి గడిలో మా ఆయన సంతకం, తోక సాగదీసిన కోడిపుంజులా. పక్క పేజీలో మా అమ్మాయి.

"అమ్మో, పెద్దమ్మా!" అంది ఆ పిల్ల.

"మీ దగ్గర ఒక రిజిస్టరుంది, ఈవిడ తల్లో ఇంకోటుంది" అంది అక్కయ్య. తనేదో రత్నాన్ని తవ్వి తీసినట్టు నన్ను చూపించింది. నాకు సిగ్గేసింది. కాని అంత సంతోషం నేను నా పెళ్లిలో కూడా పడలేదు.

సాయంత్రానికి ముద్రతో నకలు చేతికొచ్చింది. నా చేతికి కాదులెండి. "నువ్వు చేతులు వెనక్కి కట్టుకో" అని, జిరాక్సులు మూడు తీయించి, అసలుది ప్లాస్టిక్ కవరులో పెట్టి, అట్టకి బిగించి, ఒళ్లో రెండు చేతులా పట్టుకుని కూర్చుంది తిరుగు రైల్లో. తాటిముంజలు అమ్మే మనిషి ఎక్కింది. అక్కయ్యకి ముంజలంటే ప్రాణం. "తిను అక్కయ్యా" అంటే, "చేతుల్లో నీ మనవరాలుంది, ఎలా తినను?" అంది. నేను తొక్క తీసి ఒక్కొక్కటే ఆవిడ నోట్లో పెట్టాను. అరవై దాటిన మనిషి, పక్షిపిల్లలా నోరు తెరిచి, గడ్డం మీద నీళ్లు కారితే "తుడువు, తుడువు, కాగితం మీద పడుతుంది" అని గోల పెట్టింది. రైలు పెట్టె అంతా నవ్వింది.

కాన్సులేటుకి ఒక ఉత్తరం కూడా జత చేయాలంది. మొదటి పత్రం ఎందుకు పాడైందో చెప్పాలి కదా. మా ఆయన సలహా ఇచ్చాడు, "వంటింట్లో పసుపు డబ్బా జారి పడిందని రాసెయ్యండి అక్కయ్యగారూ."

"అబద్ధమైతే దాన్ని కాయడానికి ఇంకో కాగితం రాయాలి. నిజమైతే ఒకటి సరిపోతుంది" అంది. మా ఇంటి ఆచారం ప్రకారం బిడ్డ మేలు కోరి అమ్మమ్మ పసుపు కుంకుమ పెట్టింది, అక్షరాలు చెరపాలన్న ఉద్దేశం లేదు, క్షమించగలరు అని ఇంగ్లీషులో రాసి, నాకు తెలుగులో చదివి వినిపించి, కింద నా సంతకం పెట్టించింది. పెట్టించే ముందు చెయ్యి చూసింది.

మర్నాడు వీడియో కాల్. అక్కడ పూర్తి చేయాల్సిన ఫారాలు ఉన్నాయి. ఈ బిడ్డకి వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులిద్దరూ రాసివ్వాలి. ఫోను తెరలో అల్లుడు, అప్పుడే రేవు నుంచి వచ్చినట్టున్నాడు.

"అల్లుడుగారూ, నమస్కారం. చేతులు చూపించండి."

అతను అయోమయంగా రెండు చేతులూ ఫోనుకి చూపించాడు. మోచేతుల దాకా ఇంజను మసి.

"సబ్బుతో కడుక్కు రండి బాబూ. నేనాగుతాను."

"మా అత్తగారు పసుపు, నేను గ్రీజు. కాన్సులేటోళ్లు మా కుటుంబానికి దణ్ణం పెడతారండి" అంటూ వెళ్లాడు. అతను వచ్చేదాకా తెరలో మనవరాలు అక్కయ్యని చూస్తూ కూర్చుంది. అక్కయ్య కూడా బిడ్డనే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత గంటన్నర పాటు గడి గడి చదివి చెప్పింది. "ఎడమ పక్క తండ్రి. కుడి పక్క తల్లి. పుట్టిన ఊరు ఆ ఆస్పత్రి పత్రంలో ఎలా ఉందో అలాగే చూసి రాయమ్మా, నీకు తోచినట్టు కాదు. అక్కడ ఏమీ లేదా? గీత కొట్టు."

కొరియరు బయల్దేరింది. ఇక ఎదురుచూపులు. నేను రోజూ రేకుల కిందకి వెళ్లేదాన్ని. అక్కయ్య ఓదార్పు మాట ఒక్కటీ చెప్పేది కాదు. ఎవరిదో అర్జీ ఇచ్చి, "ఇది పట్టుకో, గాలికి ఎగరకుండా" అనేది. మధ్యాహ్నం దాకా ఊళ్లో వాళ్ల కాగితాలు పట్టుకుని కూర్చుంటే నా గుండె కాస్త కుదురుకునేది.

పుట్టినరోజు ఇంకో మూడు రోజులుందనగా ఫోను మోగింది. "అమ్మా, అయిపోయింది! రాసేసుకున్నారు!" అమ్మాయి నవ్వుతోంది. కౌంటరు దగ్గరావిడ ఉత్తరం చదివి, లోపలికెళ్లి పెద్దాయనకి చూపించిందట. ఆయన బయటికొచ్చి మా అమ్మాయితో, "మా అమ్మ నా మొదటి ఉద్యోగం ఆర్డరుకి ఇలాగే బొట్టు పెట్టింది" అన్నాడట.

నేను పరుగున వెళ్లి చెప్తే అక్కయ్య, "నమోదు నంబరు చదవమను" అంది. అమ్మాయి చదివింది. ఆవిడ ఒక చీటీ మీద రాసుకుని, మళ్లీ చదివించి సరిచూసుకుని, అప్పుడు తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకుంది. అది చెమట మాత్రం కాదు.

రెండు నెలలకి పాస్‌పోర్టుతో ముగ్గురూ దిగారు. ముందు బాపట్ల పల్లెకి వెళ్లి, మూడో రోజు తెనాలి వచ్చారు. దిగీ దిగగానే అమ్మాయిని, బిడ్డని రేకుల నీడకి తీసుకెళ్లాను. జనం బాగా ఉన్నారు. అక్కయ్య మమ్మల్ని చూసి, చేతిలో ఉన్న అర్జీ పూర్తి చేసింది. అప్పుడు, "ముందు కాగితం" అంది.

కాన్సులేటు ఇచ్చిన పత్రం అమ్మాయి అందించింది. ఆవిడ మొదటి అక్షరం నుంచి ముద్ర దాకా వేలు పెట్టుకుని చదివింది. తర్వాత చేతులు చాపింది. బిడ్డని ఒళ్లోకి తీసుకుని, అట్ట మీద పత్రం పెట్టుకుని, ఒకసారి దానివైపు, ఒకసారి దీనివైపు చూస్తూ పైకి చదవసాగింది. పేరు. ఆడపిల్ల. పుట్టిన తేదీ. తల్లి, అని మా అమ్మాయి వైపు చూసింది. పుట్టిన ఊరు, అని బిడ్డ అరికాళ్లు తిప్పి చూసింది, ఆ ఊరి ఇసుక ఇంకా ఉందేమోనన్నట్టు. బిడ్డ ఆవిడ కళ్లజోడు దారం పట్టుకుని లాగుతోంది.

చుట్టూ ఉన్న జనం మెడలు సాచి చూస్తున్నారు.

"అన్నీ సరిపోయాయి" అంది అక్కయ్య. బిడ్డని రెండు చేతులా ఎత్తి నా చేతుల్లో పెట్టింది. "ఇదిగో, అసలు కాపీ. తీసుకెళ్లు."

ఇంతవరకు లేవకుండా విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పిల్లలు ఏ రేవులో పుట్టినా, ఏ ఊళ్లో పెరిగినా, వాళ్ల పేరు పక్కన ఏ గడీ ఖాళీగా మిగలకూడదు. మీ గుమ్మం దాటిన ప్రతి బిడ్డా ఆలస్యమైనా సరే, నవ్వుతూ మీ ఒళ్లోకి చేరాలి.